ఒకే జాతి, రెండు లెక్కలు: అరేబియా సముద్రపు తిమింగలాల జన్యుకథ

దిల్లీ ఉత్తర భాగంలోని ముఖర్జీ నగర్ సివిల్ సర్వీసుల పరీక్షకు సన్నద్ధమయ్యేవారి పేట. అక్కడ చేతులు మారే పర్యావరణ నోట్సులో వన్యప్రాణుల పేర్లు, వాటి ఎదుట ప్రకృతి పరిరక్షణ అంతర్జాతీయ సంఘం (ఐయూసీఎన్) నిర్ణయించిన శ్రేణులు వరుసగా ఉంటాయి. హంప్‌బ్యాక్ తిమింగలం ఎదుట ‘ముప్పు అంతగా లేనిది’ అని చదువుకుంటారు. అది తప్పు కాదు. ప్రపంచ సముద్రాలన్నింటిలో ఉన్న హంప్‌బ్యాక్‌లను కలిపి చూస్తే, వేట ఆగిన తరువాత వాటి సంఖ్య చెప్పుకోదగినంతగా కోలుకుంది. అయితే అదే ఐయూసీఎన్ 2008లో అరేబియా సముద్రంలోని హంప్‌బ్యాక్‌లను విడిగా పరిగణించి, ‘అంతరించే ప్రమాదంలో ఉన్నవి’గా నమోదు చేసింది. ఒకే జాతికి రెండు శ్రేణులు ఎందుకు అవసరమయ్యాయో తెలుసుకోవాలంటే, జాతికీ సమూహానికీ ఉన్న భేదం తెలియాలి.

జాతి అన్నది వర్గీకరణకు సంబంధించిన మాట. సమూహం అన్నది బతుకుకు సంబంధించినది. తమలో తాము జతకూడుతూ, పిల్లలను కంటూ, సాధారణంగా బయటివారితో కలవని జంతువుల గుంపును జీవశాస్త్రవేత్తలు ఒక సమూహంగా పరిగణిస్తారు. ఒక జాతి ఎన్ని సమూహాలుగా విడివడి ఉంది, వాటి మధ్య రాకపోకలు ఏ మేరకు సాగుతున్నాయి అన్నదే ఆ జాతి సమూహ నిర్మాణం. అడవిలో పులులను నదులు, కొండలు, రహదారులు వేరుచేయడం కంటికి కనిపిస్తుంది. సముద్రంలో అటువంటి గోడ ఏదీ కనిపించదు. ఏటా వేల కిలోమీటర్లు ఈదగల తిమింగలానికి సరిహద్దులుంటాయని ఊహించడమే కష్టం. ఆ కనిపించని సరిహద్దులను గుర్తించే పని మూడున్నర దశాబ్దాలుగా ప్రధానంగా జన్యుశాస్త్రం మీద పడింది.

1966 నవంబరు వేట

అరేబియా సముద్రపు హంప్‌బ్యాక్‌ల సంగతి మొదట ప్రయోగశాలలో కాక, వేట నౌక మీద తేలింది. 1966 నవంబరులో సోవియట్ వేట నౌకలు ఒమాన్, పాకిస్తాన్, వాయవ్య భారత తీరాలకు దూరంగా 238 హంప్‌బ్యాక్‌లను చంపాయి. అంతకు ముందు ఏడాది చంపిన నాలుగింటిని కలిపితే లెక్క 242. అంతర్జాతీయ తిమింగల వేట సంఘం నిబంధనలకు విరుద్ధంగా సాగిన ఈ వేట వివరాలను సోవియట్ ప్రభుత్వం దశాబ్దాల పాటు దాచిపెట్టింది. సోవియట్ యూనియన్ పతనానంతరమే అసలు లెక్కలు వెలుగు చూశాయి. సోవియట్ వేట నౌకాదళాల్లో పనిచేసిన జీవశాస్త్రవేత్త యూరీ మిఖలేవ్ ఆ వివరాలను 1997లో ప్రచురించారు.

మిఖలేవ్ గమనించినవి రెండు. మొదటిది గర్భస్థ పిల్లల పరిమాణం. ఉత్తరార్ధగోళంలోని హంప్‌బ్యాక్‌లు ఒక కాలంలో ఈనితే, దక్షిణార్ధగోళంలోనివి సుమారు ఆరు నెలల తేడాతో ఈనుతాయి. చంపిన ఆడ తిమింగలాల కడుపులోని పిల్లలు ఉత్తరాది క్రమాన్ని అనుసరించాయి. అంటే అవి అంటార్కిటికా వైపు నుంచి దారితప్పి వచ్చినవి కావు. రెండవది వాటి ఆహారం. లోకంలోని తక్కిన హంప్‌బ్యాక్‌లు ధ్రువాల వైపు చల్లని జలాల్లో మేత మేసి, ఉష్ణమండల జలాలకు వచ్చి పిల్లలను కని, ఆ కాలమంతా దాదాపు పస్తుండి మరలిపోతాయి. వీటి కడుపుల్లో మాత్రం చేపలు, క్రిల్ అనే రొయ్యవంటి జీవులు కనిపించాయి.

ఉష్ణమండల సముద్రంలో అంతటి దేహానికి చాలినంత మేత ఎక్కడిదన్న సందేహానికి తెలుగువారికి సుపరిచితమైన నైరుతి రుతుపవనాలే సమాధానం. జూన్ నుంచి సెప్టెంబరు వరకు ఒమాన్ తీరం వెంబడి బలంగా వీచే ఈ గాలులు పైనీటిని తీరం నుంచి దూరంగా నెడతాయి. అడుగున ఉన్న చల్లని, పోషకభరితమైన నీరు పైకి వస్తుంది. దానితో సూక్ష్మజీవులు, వాటిని తినే చిరుచేపలు విస్తారంగా పెరుగుతాయి. రాయలసీమ చేలపై వాన కురిపించే గాలే ఒమాన్ ఒడ్డున తిమింగలాలకు మేత సమకూరుస్తోంది. ఉత్తరాన ఆసియా భూభాగం అడ్డుగా ఉన్నందున వాటికి ధ్రువ ప్రాంతానికి దారి లేదు. మేత దగ్గరలోనే దొరుకుతున్నందున వలస అవసరమూ కలగలేదు.

తరువాతి కాలంలో ఒమాన్ తీరంలో పరిశోధకులు తోకల ఛాయాచిత్రాల ఆధారంగా ఒక్కొక్క తిమింగలాన్ని గుర్తించడం ప్రారంభించారు. మనిషికి వేలిముద్ర ఎలాగో హంప్‌బ్యాక్‌కు తోక అడుగు భాగంలోని నలుపు తెలుపు మచ్చలు అలాగ. 2000 నుంచి 2004 వరకు తీసిన ఛాయాచిత్రాల ఆధారంగా వేసిన అంచనా 82. గణాంక పరిమితుల్లో చెప్పాలంటే 60 నుంచి 111 వరకు. 1966లో ఒక్క నెలలో చంపినవాటి సంఖ్యతో పోల్చి చూస్తే ఈ అంకె అర్థం తెలుస్తుంది.

ఆ 82 వేరే గుంపా, లేక ఆఫ్రికా తూర్పు తీరపు పెద్ద గుంపుకు చివరి అంచా? సంరక్షణ అంతా ఈ ప్రశ్న మీదనే ఆధారపడి ఉంది. అంచు అయితే, నష్టాన్ని దక్షిణం నుంచి వచ్చేవి పూడుస్తాయి. వేరే గుంపు అయితే పూడ్చేవారు లేరు. 2014లో క్రిస్టీనా పొమిల్లా, హోవార్డ్ రోజెన్‌బామ్ తదితరుల బృందం ఒమాన్ తిమింగలాల డీఎన్‌ఏను దక్షిణ హిందూ మహాసముద్రం, ఉత్తర పసిఫిక్ తిమింగలాల డీఎన్‌ఏతో పోల్చి ఫలితాలను ప్రచురించింది. అరేబియా సముద్రపు గుంపు దక్షిణ హిందూ మహాసముద్రం నుంచే వచ్చిందనీ, అయితే అక్కడి బంధువులతో విడిపోయి సుమారు 70,000 సంవత్సరాలు గడిచాయనీ ఆ అధ్యయనం తేల్చింది. జన్యువైవిధ్యం చాలా తక్కువగా ఉందని కూడా గుర్తించింది. ఈ గుంపు పాడే పాటలు సైతం నైరుతి హిందూ మహాసముద్రపు హంప్‌బ్యాక్‌ల పాటలతో కలవవని 2018లో వెలువడిన మరో అధ్యయనం తెలిపింది.

చర్మపు ముక్కలో వంశచరిత్ర

ఇంతటి సంగతి చెప్పడానికి కావలసినది వేలి గోరంత చర్మం. పరిశోధకులు క్రాస్‌బో అనే విల్లుతో బోలు మొన గల చిన్న బాణాన్ని వదులుతారు. అది తిమింగలం వీపును తాకి, చిన్న చర్మపు ముక్కను తీసుకుని నీటిలో తేలుతుంది. తిమింగలానికి అది దోమకాటు కంటే ఎక్కువ కాదని చెప్పవచ్చు. నీటిపైకి ఎగిరి పడినప్పుడు రాలిన చర్మపు పొరలను వలతో ఏరడం మరొక పద్ధతి. ఒడ్డుకు కొట్టుకొచ్చిన కళేబరం మూడవ ఆధారం.

ఆ ముక్కలో శాస్త్రవేత్తలు ముఖ్యంగా రెండు రకాల డీఎన్‌ఏను చదువుతారు. మైటోకాండ్రియాలోని డీఎన్‌ఏ తల్లి నుంచి మాత్రమే బిడ్డకు సంక్రమిస్తుంది. కనుక అది తల్లివైపు వంశావళి. కణకేంద్రంలోని డీఎన్‌ఏ తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తుంది. అందులో మైక్రోశాటిలైట్లు అనే, కొన్ని అక్షరాలు మళ్లీ మళ్లీ వచ్చే భాగాలు ఒక్కొక్క ప్రాణిలో ఒక్కొక్క పొడవులో ఉంటాయి. వాటిని కలిపి చూస్తే ప్రతి తిమింగలానికీ దానిదైన గుర్తింపు లభిస్తుంది.

ఈ రెండింటి సాక్ష్యం కొన్నిసార్లు పొసగదు. అసలు విశేషం అక్కడే ఉంది. అంబర్‌గ్రిస్ కోసం పేరుపడిన స్పెర్మ్ తిమింగలాలను 1999లో స్వీడన్ పరిశోధకులు పరిశీలించినప్పుడు, తల్లివైపు డీఎన్‌ఏ ఒక మహాసముద్రానికీ మరొక దానికీ వేరుగా కనిపించింది. కణకేంద్రపు డీఎన్‌ఏ మాత్రం దాదాపు ప్రపంచమంతటా ఒక్కటే అన్నట్టు తోచింది. ఆడ స్పెర్మ్ తిమింగలాలు పుట్టిన సముద్రంలోనే తల్లులు, పినతల్లులు, అక్కచెల్లెళ్లతో కలిసి ఉష్ణ జలాల్లో జీవితం గడుపుతాయి. మగవి యుక్తవయసులో గుంపును వీడి ధ్రువ జలాల వరకు తిరిగి, సముద్రాలు దాటి జతకూడుతాయి. పుట్టిల్లు వదలని ఆడపిల్లలు, ఊరూరా తిరిగే అల్లుళ్లు అన్నమాట. ఆ కుటుంబ వ్యవస్థను కళ్లారా చూడాలంటే ఎన్నో తరాలు పట్టేది.

హంప్‌బ్యాక్‌లలో తల్లి ప్రభావం మరో విధంగా ఉంటుంది. పిల్ల మొదటి ఏడాది తల్లి వెంట మేత సముద్రానికి వెళుతుంది. ఆ దారిని మరచిపోదు. పెద్దయిన తరువాత కూడా తల్లి చూపిన చోటికే పోతుంది. అందువల్ల పరస్పరం కలవగల దూరంలోనే ఉన్న రెండు మేత ప్రాంతాల్లోని తిమింగలాలకు వేర్వేరు మైటోకాండ్రియా గుర్తులు కనిపిస్తాయి. ఒక ప్రాంతంలోనివి చనిపోతే పక్క ప్రాంతంలోనివి వచ్చి ఆక్రమించవు, ఎందుకంటే ఆ దారి తెలిసిన తల్లులే మిగలలేదు.

జన్యు గుర్తింపుతో లెక్కించడం కూడా సాధ్యమేనని 1997లో ఉత్తర అట్లాంటిక్‌లో రుజువైంది. పెర్ పాల్స్‌బోల్ నాయకత్వంలోని బృందం హంప్‌బ్యాక్‌ల నుంచి సేకరించిన 3,060 చర్మ నమూనాలను పరీక్షించగా అవి 2,368 వేర్వేరు తిమింగలాలవని తేలింది. అంటే కొన్ని తిమింగలాలు వేర్వేరు చోట్ల, వేర్వేరు సంవత్సరాల్లో మళ్లీ చిక్కాయి. కాలికి కట్టు వేయకుండానే అవి ఎక్కడి నుంచి ఎక్కడికి తిరుగుతున్నాయో తెలిసిపోయింది.

అంకెలన్నీ ఒకే పాటివి కావు

జన్యుశాస్త్రం చెప్పే ప్రతి అంకెనూ ఒకే స్థాయిలో నమ్మడం సరికాదు. 2003లో జో రోమన్, స్టీఫెన్ పాలంబి ఉత్తర అట్లాంటిక్ హంప్‌బ్యాక్‌ల జన్యువైవిధ్యం ఆధారంగా వెనక్కి లెక్కవేసి, వేటకు పూర్వం వాటి సంఖ్య సుమారు 2,40,000 ఉండేదని ప్రకటించారు. నౌకల వేట రికార్డులు చెప్పేది అందులో పదోవంతు కంటే తక్కువ. ఈ అంతరం చిన్నది కాదు. పూర్వపు సంఖ్య ఎంత అన్నదాన్నిబట్టే వేటను మళ్లీ అనుమతించవచ్చా లేదా అన్నది ఆధారపడి ఉంటుంది. పదేళ్ల తరువాత మరిన్ని జన్యుభాగాలతో చేసిన అధ్యయనం ఆ అంకెను సుమారు 1,12,000కు తగ్గించింది. డీఎన్‌ఏలో మార్పులు ఎంత వేగంతో జరుగుతాయన్న ఊహ కొంచెం మారినా, ఫలితం అమాంతం మారిపోతుంది. ఒమాన్ గుంపు విడిపోయి 70,000 ఏళ్లు అన్న అంకెను కూడా ఆ జాగ్రత్తతోనే చూడాలి. విడిపోయి చాలా కాలమైందన్నది గట్టి మాట. ఎంత కాలమన్నది అంచనా మాట.

మరొక చిక్కు ఉంది. రెండు గుంపుల మధ్య తరానికి ఒకటి రెండు ప్రాణులు అటూ ఇటూ మారినా చాలు, డీఎన్‌ఏలో భేదం పెద్దగా పేరుకోదు. అయితే తరానికి ఒకటి రెండు వచ్చినంత మాత్రాన, వలలో చిక్కి చచ్చిన వందల లోటు తీరదు. కనుక ‘భేదం కనిపించింది’ అంటే అవి వేరని చెప్పవచ్చు. ‘భేదం కనిపించలేదు’ అంటే అవి ఒకటేనని చెప్పడానికి లేదు. వేటకు, చేపల పరిశ్రమకు అనుమతులు కోరేవారు ఈ రెండో వాక్యాన్ని తమకు అనుకూలంగా చదువుకోవడం కొత్త కాదు.

ఈ జ్ఞానాన్ని చట్టంలోకి తెచ్చిన ఉదాహరణ అమెరికాది. 2016లో ఆ దేశం హంప్‌బ్యాక్‌ను ఒకే జాతిగా చూడడం మాని 14 ప్రత్యేక సమూహాలుగా విభజించింది. తొమ్మిదింటికి ప్రత్యేక రక్షణ అక్కరలేదని నిర్ణయించి, నాలుగింటిని అంతరించే ప్రమాదంలో ఉన్నవిగా ప్రకటించింది. ఆ నాలుగింటిలో అరేబియా సముద్రపుది ఒకటి.

హైదరాబాద్ పాత్ర

తిమింగలాల జన్యు అధ్యయనానికి చట్టపరమైన చిక్కు ఒకటి ఉంది. వాటి చర్మపు ముక్కను అనుమతి లేకుండా దేశం దాటించరాదు. ఈ నిబంధన ఎదురైన సందర్భం ప్రసిద్ధమైనది. 1990ల తొలినాళ్లలో స్కాట్ బేకర్, పాలంబి జపాన్ దుకాణాల్లో అమ్ముతున్న తిమింగల మాంసం ఏ జాతిదో తెలుసుకోదలచారు. మాంసాన్ని బయటికి తీసుకువెళ్లే వీలు లేదు. దానితో డీఎన్‌ఏ నకళ్లు తీసే పీసీఆర్ పరికరాన్నే హోటల్ గదికి తెచ్చుకుని, ఆ గదిలోనే నకళ్లు తయారు చేశారు. నకలు కృత్రిమం కనుక దానికి నిషేధం వర్తించదు. చట్టబద్ధంగా వేటాడిన మింకె తిమింగలంతో పాటు, రక్షణలో ఉన్న హంప్‌బ్యాక్ మాంసమూ ఆ దుకాణాల్లో ఉన్నట్టు 1994లో వెలువడిన వారి వ్యాసం బయటపెట్టింది.

నమూనా దేశం దాటకూడదంటే ప్రయోగశాల దేశంలోనే ఉండాలి. ఆ అవసరాన్ని తీర్చినవాటిలో హైదరాబాద్‌లోని సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ కేంద్రం, అనగా సీసీఎంబీ ముఖ్యమైనది. అక్కడ సునీల్ కుమార్ వర్మ, లాల్జీ సింగ్ 2003లో సార్వత్రిక ప్రైమర్లను రూపొందించారు. ఏ జంతువుదో తెలియని మాంసం, ఎముక, రక్తపు మరక ఏదైనా సరే, ఈ ప్రైమర్లతో మైటోకాండ్రియాలోని ఒక భాగాన్ని చదివి జాతిని చెప్పవచ్చు. అటవీ నేరాల కేసుల్లో ఈ పద్ధతి న్యాయస్థానాల దాకా వెళ్లింది. వన్యప్రాణుల కోసం సీసీఎంబీ నెలకొల్పిన లాకోన్స్ ప్రయోగశాల హైదరాబాద్ అత్తాపూర్‌లో ఉంది.

తిమింగలాల వంశవృక్షానికి చెందిన ఒక శాఖపై సైతం సీసీఎంబీ పనిచేసింది. గంగా డాల్ఫిన్ పంటి తిమింగలాల కుటుంబంలో ఎక్కడ నిలుస్తుందన్న ప్రశ్నపై 2004లో వర్మ, లాల్జీ సింగ్, పట్నా విశ్వవిద్యాలయానికి చెందిన రవీంద్ర కుమార్ సిన్హా కలిసి జన్యు అధ్యయనం ప్రచురించారు. ఈ డాల్ఫిన్ విషయంలో సమూహ నిర్మాణపు ప్రాధాన్యం మరింత సూటిగా తెలుస్తుంది. గంగ, సింధు నదుల డాల్ఫిన్‌లను చాలాకాలం ఒకే జాతిగా లెక్కించారు. పుర్రెల నిర్మాణాన్ని, డీఎన్‌ఏను కలిపి పరిశీలించిన పరిశోధకులు 2021లో అవి రెండు వేర్వేరు జాతులని ప్రకటించారు. భారత ప్రభుత్వం 2025 మార్చిలో విడుదల చేసిన తొలి నదీ డాల్ఫిన్‌ల గణన ప్రకారం దేశంలో అవి 6,327. అందులో పంజాబ్‌లోని బియాస్ నదిలో ఉన్న సింధు డాల్ఫిన్‌లు మూడే మూడు. ఒకే జాతిగా చూస్తే 6,327లో మూడు లెక్కకు రావు. వేరే జాతిగా చూస్తే భారతదేశంలో ఆ జాతికి మిగిలినవే ఆ మూడు.

బంగాళాఖాతం వైపు కూడా ఇటువంటి పని జరిగింది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు అరేబియా సముద్రం, బంగాళాఖాతాలలో లభించిన డాల్ఫిన్‌లను, పోర్పాయిస్‌లను మైటోకాండ్రియా డీఎన్‌ఏతో గుర్తించి 2008లో ప్రచురించారు. బ్రైడ్స్ తిమింగలాలు చిన్నవి, పెద్దవి అని రెండు రూపాల్లో ఉన్నాయని 2013లో వెలువడిన మరో అధ్యయనం జన్యుపరంగా నిర్ధారించింది. బంగ్లాదేశ్ తీరంలో తిరిగేవి చిన్నరూపం. మాల్దీవుల వద్ద లోతైన జలాల్లో తిరిగేవి పెద్దరూపం. చూపులకు రెండూ దాదాపు ఒకటే.

ఆంధ్ర తీరానికి ఈ భేదం పరాయి విషయం కాదు. 2023 జూలైలో శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలం మేఘవరం తీరానికి సుమారు 25 అడుగుల తిమింగలం కళేబరం కొట్టుకొచ్చింది. నీలి తిమింగలంగా వార్తల్లో నిలిచింది. చూడడానికి చుట్టుపక్కల గ్రామాల జనం తరలివచ్చారు. నీలి తిమింగలం అప్పుడే పుట్టిన పిల్ల పొడవే సుమారు 23 అడుగులు. కనుక ఆ పొడవు నీలి తిమింగలం పిల్లకు సరిపోతుంది, మరికొన్ని జాతుల పెద్దవాటికీ సరిపోతుంది. ఎండకు ఉబ్బి, రంగు మారిన కళేబరం విషయంలో కంటికంటే చర్మపు ముక్క నమ్మదగిన సాక్షి.

లుబాన్ దాటిన సముద్రం

అరేబియా సముద్రపు హంప్‌బ్యాక్‌లకు తిరిగి వస్తే, వాటి కథలో భారతదేశం ప్రేక్షకపాత్రలో లేదు. ఒమాన్ తీరంలో పరిశోధకులు ఉపగ్రహ పరికరం అమర్చిన ఒక ఆడ తిమింగలానికి లుబాన్ అని పేరు. అరబ్బీలో లుబాన్ అంటే సాంబ్రాణి వంటి సుగంధ ధూపద్రవ్యం. తోకపై ఆ చెట్టును పోలిన మచ్చ ఉన్నందున ఆ పేరు వచ్చింది. 2017 డిసెంబరులో లుబాన్ ఒమాన్ తీరాన్ని వదిలి తూర్పుగా ఈదింది. అరేబియా సముద్రాన్ని అడ్డంగా దాటి గోవా సమీపానికి చేరింది. అక్కడి నుంచి దక్షిణంగా భారత ద్వీపకల్పపు కొస వైపు సాగి, తరువాత ఒమాన్‌కు మరలింది. ఈ గుంపు తిమింగలం ఒకటి సముద్రం దాటి భారత తీరానికి రావడం ఉపగ్రహం ద్వారా నమోదు కావడం అదే మొదటిసారి. ఒమాన్‌లో లెక్కించిన ఆ కొద్ది తిమింగలాలకు గుజరాత్ నుంచి కేరళ వరకు గల పడమటి తీరం కూడా ఇల్లేనని దానితో స్పష్టమైంది. ఆ దారిలో పెద్ద ఓడల మార్గాలు ఉన్నాయి, చేపల వలలూ ఉన్నాయి. ఓడ తాకిడికి, వలలో చిక్కుకోవడానికి బలయ్యే ఒక్కొక్క ఆడ తిమింగలం ఈ గుంపుకు శాతాల్లో లెక్కకు వచ్చే నష్టం.

సముద్రపు నీటి నుంచే డీఎన్‌ఏను పట్టే పద్ధతి ఇప్పుడు ముందుకు వస్తోంది. అమెరికా వాయవ్య తీరంలోని ప్యూజెట్ సౌండ్‌లో ఓర్కా తిమింగలాలు వెళ్లిపోయిన రెండు గంటల తరువాత కూడా ఆ నీటిలో వాటి డీఎన్‌ఏను గుర్తించగలిగినట్టు 2018లో ప్రకటించారు. విల్లు, బాణం అక్కరలేకుండా సీసాడు నీటితో జాతిని చెప్పగలిగితే, తీరమంతటా గస్తీ తిరగడం కంటే ఖర్చు తగ్గుతుంది. సమూహాన్ని చెప్పడానికి మాత్రం మరింత మెరుగైన డీఎన్‌ఏ కావాలి కనుక, ప్రస్తుతానికి చర్మపు ముక్కే ప్రధానం.

భారత వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద తిమింగలాలు మొదటి షెడ్యూలులో ఉన్నాయి. చనిపోయిన తిమింగలం నుంచి పన్ను, ఎముక, మాంసం, అంబర్‌గ్రిస్ తీసుకోవడం నేరం. నమూనా సేకరణకూ అధికారుల అనుమతి తప్పనిసరి. తీరానికి కళేబరం కొట్టుకొచ్చినప్పుడు మత్స్యకారులు మొదట తెలియజేయవలసినది అటవీ శాఖకు. అది కుళ్లిపోయి పాతిపెట్టేలోపు చిన్న చర్మపు ముక్కను తీసి, గాఢమైన ఆల్కహాలు గల సీసాలో భద్రపరచి, తేదీ, స్థలం, పొడవు, ఆడా మగా అన్న వివరాలు రాసి ఉంచితే ప్రయోగశాలకు అంతే చాలు.